పిస్తోలుకి ఉప్పు కాగితం

ఆ రోజుల్లో మా ఇంట్లో వానాకాలం వచ్చిందని తెలుసుకోవడానికి ఆకాశం వంక చూడాల్సిన పనిలేదు. తాతయ్య బీరువాలోంచి పిస్తోలు తీసి, వీధి అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ అనుమానంగా చూడటం మొదలుపెట్టారంటే వానలు దిగినట్టే. మా పెద్దాపురం వైపు గాలిలో ఉండే చెమ్మ సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అగ్గిపుల్ల గీస్తే వెలగదు, తలుపు వేస్తే పడదు, వేయించిన అప్పడం విస్తట్లోకి వచ్చేలోపే మెత్తబడుతుంది. ఇక ఇనుముకి ఏ గతి పడుతుందో ఊహించుకోండి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక దసరా ముందు, ఆ చెమ్మ మూలంగా తిన్నది ఒంటబట్టకుండా, కూర్చున్నచోట కుదురుగా కూర్చోకుండా నేను తిరిగిన తిరుగుడు అంతా ఇంతా కాదు.

(పిస్తోలు అనగానే కంగారు పడకండి. అది పేలడం మానేసి చాలా కాలమైంది. గొట్టంలో సీసం పోసి మూసేశారు. ఇది అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరాదని పోలీసు స్టేషన్లో రాయించిన కాగితం కూడా ఉంది. ఆ కాగితం మాట ఎత్తితే తాతయ్యకి కోపం వచ్చేది.) కొయ్య పిడి, మూరెడు గొట్టం, పిచ్చుక తలలాంటి గుర్రం (మీట నొక్కితే వచ్చి కొట్టే ఇనప కొక్కెం), అంతే దాని ఆకారం. మా ముత్తాతకి ఎవరో జమీందారుగారు ఇచ్చారట. ఎందుకిచ్చారన్నదాని మీద రెండు కథలున్నాయి. వరదలో కొట్టుకుపోతున్న జమీందారుగారి పడవని ముత్తాత ఈదుకెళ్లి ఒడ్డుకి లాక్కొచ్చాడని తాతయ్య చెప్పేవారు. అదేం కాదు, పేకాటలో ఓడిపోయి, చేతిలో ఇంకేమీ లేక ఇచ్చాడని ఆయన తమ్ముడు, అంటే తునిలో ఉండే మా చిన్న తాతయ్య చెప్పేవారు. ఇద్దరూ తమ కళ్లతో చూసినట్టే చెప్పేవారు.

ముత్తాత పోయే ముందు పొలాలూ, కొబ్బరి చెట్లూ, ఇత్తడి గంగాళాలూ అన్నీ కొడుకులిద్దరికీ పంచారు. పిస్తోలు ఒక్కటే మిగిలింది. దాన్ని రెండు ముక్కలు చేయడం కుదరదు కాబట్టి, ఎవరు శుభ్రంగా ఉంచుకుంటే వాళ్ల దగ్గరే ఉంటుందని తీర్పు చెప్పారట. అప్పట్నుంచి అదో ఆచారం. దసరా నాడు పిస్తోలు దగ్గర లేని రెండోవారు వచ్చి, ఆయుధపూజ అయ్యాక, ఉతికిన తెల్ల తువ్వాలుతో పిస్తోలుని ఒక్కసారి తుడవాలి. తువ్వాలుకి ఎర్రగా అంటిందా, పిస్తోలు ఆయన వెంట వెళ్లిపోతుంది. అంటలేదా, ఇంకో ఏడాది ఉన్నచోటే ఉంటుంది. చిన్న తాతయ్య వచ్చేటప్పుడు దారిలో అన్నవరంలో దిగి, కొండెక్కి, ఆకుల్లో కట్టిన ప్రసాదం పొట్లాలు తెచ్చేవారు. ఆ నెయ్యి వాసన, అన్నదమ్ముల అరుపులు, తువ్వాలు వంక మా అందరి చూపులూ కలిస్తేనే మా ఇంట్లో దసరా.

తువ్వాలు తుడవడం అసలు ఒక నిమిషం పని. కానీ వాళ్లకి పూటంతా పట్టేది. గొట్టం మీద ఉన్న ప్రతి మచ్చకీ ఒక చరిత్ర ఉంది మరి. ఇది నీ దగ్గరున్నప్పుడు పట్టింది, కాదు నీ దగ్గరే, నీ పెద్ద కూతురు పురిటికొచ్చిన ఏడాది, ఇలా సాగేది. అన్నిట్లోకీ పెద్దది గుర్రం కింద బొటనవేలంత మచ్చ. దాని పేరు గాలివాన మచ్చ. పెద్ద గాలివానలో తునిలో చిన్న తాతయ్య ఇంటి పైకప్పు ఎగిరిపోతే, రోడ్లు తెగిపోయి బస్సులు లేక, తాతయ్య మోకాలి లోతు నీళ్లలో నడిచి అక్కడికి చేరుకున్నారట. చేరేసరికి తమ్ముడు అటక మీద, గోనెసంచి కప్పుకుని, పిస్తోలుని గుండెలకి అదుముకుని కూర్చుని ఉన్నారట. దిగగానే తుడవకుండా తిండికి కూర్చున్నావని తాతయ్య, ముందు అన్నం తినరా అని ఏడ్చింది నువ్వే కదా అన్నయ్యా అని చిన్న తాతయ్య. ఏటా ఇదే తగువు, ఇవే మాటలు. మచ్చ మాత్రం ఎవరెంత రుద్దినా పోలేదు. పాతది కాబట్టి గట్టిపడిపోయి, తువ్వాలుకి అంటేది కాదు.

ఇక నా సంగతి. నేను రాజమండ్రిలో బీయస్సీ చదువుతూ, గది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ణి. అందుకని తాతయ్య నాకు సైన్సు అని పేరు పెట్టారు. ఇంట్లో బల్బు మాడినా, పాలు విరిగినా "ఒరే సైన్సూ" అని పిలిచేవారు. ఆ ఏడు వానల్లో ఆయన కంటికి శుక్లం ఆపరేషను చేశారు. కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడదీసుకుని, దేన్నీ పరీక్షగా చూడలేక, వీధి అరుగు మీద ఒకటే సణుగుడు. పిస్తోలు మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు లేచాయని వేలితో తడిమి పట్టేశారు. దసరాలోపు అవి పోవాలి, లేకపోతే తమ్ముడు పట్టుకుపోతాడు. ఆ భారం నా మీద పెట్టారు. "ఇంత చదివావు, ఆ మాత్రం తుప్పు వదిలించలేవేంట్రా" అన్నారు. నాకసలే నిలకడ తక్కువ. ఒక పని నెత్తిన పడితే అది అయ్యేదాకా కాళ్లు నేల మీద నిలవవు. ఆ రోజే బస్సెక్కి రాజమండ్రి వచ్చి, కనబడ్డవాణ్ణల్లా తుప్పు గురించి అడగడం మొదలుపెట్టాను.

మా గదిలో ఉండే స్నేహితుడి నాన్నకి వడ్రంగం కార్ఖానా ఉంది. దీనికింత హైరానా ఏంటి, ఉప్పు కాగితం పెట్టి రుద్ది, కిరసనాయిలుతో తుడిస్తే పోతుంది కదా అన్నాడు వాడు. ఉప్పు కాగితం అంటే, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, కొయ్య నునుపు చేయడానికి వాడే గరుకు కాగితం. దానికీ ఉప్పుకీ ఏ చుట్టరికమూ లేదు. చూడ్డానికి ఉప్పు అతికించినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. శనివారం ఇంటికెళ్లి రుద్దేయొచ్చు, కానీ అందాకా ఆగడం నా వల్ల కాలేదు. కాగితం ముందే తెప్పించి ఉంచితే వెళ్లీ వెళ్లగానే పని మొదలుపెట్టొచ్చని ఎస్టీడీ బూతులో దూరాను. మా వీధిలో ఫోను ఉన్నది ఒక్క పిన్నికే (అందుకే ఆవిడ ఫోను పిన్ని). పిస్తోలుకి ఉప్పు కాగితం తెప్పించి ఉంచమని మామ్మతో చెప్పమన్నాను. అవతల కుక్కరు కూత పెడుతోంది. పిన్ని అలాగే అలాగే అని పెట్టేసింది.

శనివారం ఇంటికెళ్లి కాళ్లు కూడా కడుక్కోకుండా ఉప్పు కాగితం ఏదని అడిగాను. మామ్మ ఎంతో సంబరంగా నన్ను వంటింటి వెనక కొట్టులోకి తీసుకెళ్లింది. ఊరగాయ జాడీల పక్కన, పాత వార్తాపత్రికలో చుట్టి, దారంతో గట్టిగా కట్టిన పొట్లం ఒకటుంది.  విప్పితే, కల్లుప్పు మధ్యలో పడుకుని ఉంది మా పిస్తోలు. ఉప్పు నీరుకారి, గొట్టం మొత్తం ఎర్రబారిపోయింది. మధ్య మధ్య పసుపుపచ్చగా కూడా ఉంది.

"ఏంటి మామ్మా ఇది?"

"నువ్వే కదరా పిస్తోలుకి ఉప్పూ కాగితం పెట్టమన్నావంట. సైన్సు చదువుతున్నావు, ఏదో ఉంటుందిలే అనుకున్నాను. ఉప్పేస్తే ఏదైనా ఏడాది నిలవుంటుంది. పురుగు పట్టకుండా చిటికెడు పసుపు కూడా వేశాను."

ఆవిడ జీవితమంతా మామిడికాయకీ, ఉసిరికాయకీ, చేపకీ చేసిన ఉపకారమే పిస్తోలుకీ చేసింది. ఆ నిమిషం నుంచి నేను కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాను. మామ్మ చింతపండు ఇచ్చింది, ఇత్తడి బిందెలకి అదే కదా మందు. చింతపండుతో తోమితే నిజంగానే తళతళలాడింది. సంబరపడి భోంచేసి వచ్చేసరికి మళ్లీ ముదురు రంగులోకి దిగింది, తెల్లారేసరికి ఇటుక రంగు తేలింది. అప్పుడు అసలైన ఉప్పు కాగితం తెచ్చి చేతులు బొబ్బలెక్కేలా రుద్దాను. పైపైన పోయింది గానీ గుంటల్లోది పోలేదు. వీధిలోంచి తాతయ్య గంటకోసారి "ఏరా సైన్సూ, ఎంతవరకూ వచ్చింది" అని కేక వేసేవారు. వస్తోంది తాతయ్యా అనేవాణ్ణి. అబద్ధం కాదు, తుప్పు వస్తూనే ఉంది. కంటి మీద గుడ్డ ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నా తుప్పు రేగ్గొట్టేవారు.

దసరా ముంచుకొస్తోంది. ఓడిపోతే తాతయ్య ఏమైపోతారోనని నాకు దిగులు. ఆపరేషను దగ్గర్నుంచి ఆయన మనిషి సగమయ్యారు. పేపరు లేదు, పొలం గట్టు లేదు, ఉన్న ఒక్క పట్టుదలా ఆ పిస్తోలే. చివరికి స్నేహితుడే ఇంకో మార్గం చెప్పాడు. రాజమండ్రిలో పెళ్లి బ్యాండు వాళ్ల బాకాలకి నికెలు పూత వేసే దుకాణం ఒకటుందని, దాని తొట్టెలో ముంచి తీస్తే ఇంక జన్మలో తుప్పు పట్టదని. పిస్తోలుని లుంగీలో చుట్టి, సంచిలో పెట్టుకుని, బస్సెక్కాను. రెండు స్టాపులు దాటేసరికి పక్క సీట్లో ఒక కానిస్టేబులుగారు వచ్చి కూర్చున్నారు. కూర్చున్నాయన ఊరుకోకుండా, సంచిలో ఏంటి అంత బరువుగా ఉందని అడిగారు. ఇస్త్రీ పెట్టండి, బాగు చేయించడానికి అన్నాను. స్టేషను వాళ్లు రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంది, తీసి చూపిస్తే సరిపోయేది. ఆ సంగతి బస్సు దిగాక గుర్తొచ్చింది. ఆయన మా ఇంట్లో కూడా ఒకటి పాడైందంటూ కళ్లు మూసుకుని, నా భుజం మీద తల, నా సంచి మీద చెయ్యి వేసి హాయిగా నిద్రపోయారు. రాజమండ్రి వచ్చేదాకా నేను ఊపిరి కూడా కొలిచి పీల్చాను.

దుకాణాయన పిస్తోలుని చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. కాగితం చూశారు, సీసం పోసిన గొట్టంలోకి ఒక కన్నుతో చూశారు. "ఆయ్, చేసేద్దామండి. ముందు యాసిడ్లో ముంచి, బఫింగు చక్రం మీద పట్టి మెరుగుపెట్టి, అప్పుడు పూత వేస్తానండి. మీ మనవలు కూడా ఇంక తుప్పు మాట ఎత్తరు" అన్నారు. రెండు రోజులు ఆగమన్నారు. ఆగడం ఎలాగో ఎవరైనా నాకు నేర్పి ఉంటే బాగుండేది. కాలేజీకి వెళ్లే ముందు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, టీ తాగే నెపంతో ఇంకోసారి ఆ దుకాణం ముందు తేలేవాణ్ణి. ఆఖరికి ఆయన విసిగిపోయి, ఇంకోసారి వస్తే మిమ్మల్నే తొట్టెలో ముంచి తీస్తానండి అన్నారు, అంత కోపంలోనూ అండి వదలకుండా.

పిస్తోలు వచ్చింది. ఎలా మెరుస్తోందంటే దాంట్లో చూసుకుని తల దువ్వుకోవచ్చు. దసరా నాడు తాతయ్య చేతిలో పెట్టాను. కంటి మీద గుడ్డ ఇంకా తీయలేదు, వేళ్లతో తడిమి చూశారు. "నున్నగా ఉందేంట్రా" అన్నారు. చిన్న తాతయ్య ప్రసాదం పొట్లాలతో దిగారు. పూజ అయింది. కొత్త తువ్వాలు విప్పి, రెండు చేతులతో పట్టుకుని, మొదలు నుంచి చివరి దాకా గట్టిగా తుడిచారు. తువ్వాలు మల్లెపువ్వులా ఉంది. నేను మామ్మ వంక చూసి కన్ను కొట్టాను. చిన్న తాతయ్య మాత్రం తువ్వాలు చూడటం లేదు. పిస్తోలుని వెలుతురుకి పట్టి, గుర్రం కింద బొటనవేలితో రాస్తున్నారు. ఒకసారి రాశారు, మళ్లీ రాశారు.

"గాలివాన మచ్చ ఏదిరా?"

నేను గర్వంగా చెప్పాను, "బఫింగులో పోయింది చిన్న తాతయ్యా. ఇంక ఎప్పటికీ తుప్పు పట్టదు."

 ఏటా ఆ పాటికి పడవా, పేకాటా, పురుడూ అన్నీ అయిపోయి, గాలివాన దగ్గర గొంతులు పెద్దవయ్యేవి. ఆ ఏడు గొడవ పడటానికి గొట్టం మీద మచ్చే లేదు. చిన్న తాతయ్య తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, నెగ్గావు అన్నయ్యా అన్నారు. తాతయ్య ఊఁ అన్నారు. భోజనాలయ్యాక, రాత్రికి ఉండమని మామ్మ ఎంత చెప్పినా వినకుండా, పొలంలో పనుందంటూ ఆయన మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయారు. నాకు చాలా కష్టంగా అనిపించింది. నెగ్గింది మేమే, మరి ఈ బెంగ ఏంటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

కంటి గుడ్డ తీశాక తాతయ్య పిస్తోలుని ఒక్కసారి చూసి, సైకిలు హ్యాండిలులా ఉందని బీరువాలో పెట్టేశారు. ఆ తర్వాత వానలొచ్చినా దాన్ని బయటికి తీయలేదు. తీసి చూసేదేముంది, తుప్పు పట్టదుగా. అరుగు మీద కూర్చునేవారు గానీ చేతులకి పని లేక పంచె అంచు నలుపుతూ ఉండేవారు. తుని నుంచి ఫోనులు తగ్గాయి. మళ్లీ దసరా దగ్గరపడుతుండగా, ఈ ఏడు రాలేనని, వచ్చినా చేసేదేమీ లేదని చిన్న తాతయ్య ఫోను పిన్నితో కబురు చెప్పారు. అటునుంచి వస్తున్న ఊరివాళ్లెవరో అన్నవరం ప్రసాదం ఒక పొట్లం తెచ్చి ఇచ్చి వెళ్లారు. దాన్ని చేతిలో పట్టుకుని తాతయ్య వీధిలోంచి పెరట్లోకి, పెరట్లోంచి వీధిలోకి ఎన్నిసార్లు తిరిగారో. నా నిలకడలేనితనం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది నాకు. ఆఖరికి నూతి గట్టు దగ్గర ఆగారు.

"ఒరే సైన్సూ, బీరువాలోంచి ఆ పిస్తోలు పట్రా. ఉప్పు కాగితం కూడా పట్రా."

మామ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కిందటేడు కంటి గుడ్డ తీశాక ఉప్పు పొట్లం సంగతి తెలిసి తాతయ్య పెట్టిన చీవాట్లు ఆవిడింకా మర్చిపోలేదు.

"ఏ ఉప్పు కాగితం అండీ?"

తాతయ్య ప్రసాదం పొట్లం గట్టు మీద పెట్టారు. "రెండూను" అన్నారు.

నూతి గట్టు మీద కూర్చుని, ముందు గరుకు కాగితంతో, గుర్రం కింద, బొటనవేలంత మేర, నికెలు పోయి నల్లటి ఇనుము బయటపడేదాకా రుద్దారు. నేను రుద్దుతానన్నా ఇవ్వలేదు. ఎక్కడ రుద్దాలో నీకు తెలీదన్నారు. తర్వాత మామ్మ కల్లుప్పు తెచ్చింది, పాత పేపరు తెచ్చింది, ఇద్దరూ కలిసి పొట్లం కట్టారు. (పసుపు వద్దంటే వినలేదు ఆవిడ.) రెండు మూడు రోజులకి విప్పి చూసి, నన్ను వెంటబెట్టుకుని ఫోను పిన్ని ఇంటికెళ్లారు. ఫోనులో మెల్లగా మాట్లాడటం ఆయనకి ఎప్పుడూ రాదు కాబట్టి వీధి వీధంతా విన్నది. "తమ్ముడూ, పిస్తోలు తుప్పు పట్టిందిరా. వచ్చి తీసుకుపో."

చిన్న తాతయ్య దసరా దాకా ఆగలేదు. మర్నాడే దిగారు, ప్రసాదం పొట్లాలతో సహా. తువ్వాలు గుర్రం కింద రాసి చూస్తే ఎర్రగా అంటింది. ఆ ఎరుపునీ, దాని చుట్టూ గరుకు కాగితం గీసిన గీతల్నీ, అన్నయ్య గోళ్లలో ఇరుక్కున్న నల్లటి పొడినీ ఆయన వరసగా చూశారు. అన్నీ అర్థమయ్యాయి. అర్థమైన సంగతి ఒక్క ముక్క బయటికి అనలేదు. "ఉంచుకోవడం నీకు చేతకాదని నాన్న ఎప్పుడో చెప్పాడు" అన్నారు. ఆ మాటతో తాతయ్య రెచ్చిపోయి, అటక మీద పిస్తోలు పట్టుకుని వణికినవాడివి నువ్వా నాకు చెప్పేది అన్నారు. ఇంక అక్కడ్నుంచి గాలివాన, పడవ, పేకాట. దీపాలు పెట్టేవేళకి కూడా తగువు ఆగలేదు. చిన్న తాతయ్య ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నారు, పిస్తోలు తలకింద పెట్టుకుని. మర్నాడు బస్సు దగ్గర తాతయ్య మొహం చూసినవాళ్లెవరూ ఆయన ఓడిపోయారని అనుకోరు.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. నా జుట్టు కూడా నెరిసింది. ఈ ఏడు తువ్వాలు పట్టుకొచ్చే వంతు చిన్న తాతయ్య మనవడిది, వాడికి నా అంత ఓపిక కూడా లేదు. ఏటా ఏదో ఒక ఇంట్లో ఏదో ఒక మూల పూత గీసుకుపోయి ఎరుపు తేలుతుంది, పిస్తోలు తునికీ మాకూ మధ్య తిరుగుతూనే ఉంది. తుప్పు పట్టకుండా కొట్టుకునే స్ప్రే డబ్బాలు బజార్లో దొరుకుతున్నాయి. మా ఇంట్లోనూ ఒకటుంది. గేటుకి కొడతాను, మనవరాలి సైకిలుకి కొడతాను, పిస్తోలు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. అప్పుడప్పుడు, వానాకాలం అరుగు మీద దాన్ని తిప్పి చూసుకుంటుంటే, పూత దుకాణం ముందు ఒంటికాలి మీద నిలబడి, తుప్పుని జన్మలో లేకుండా చేస్తున్నానని పొంగిపోతున్న ఆ కుర్రాడు కళ్లముందు మెదులుతాడు. వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకురా సైన్సూ అంత కంగారు, కాస్త పట్టనీ అనాలనిపిస్తుంది. వినడని తెలుసు. అయినా నవ్వుకుని, గుర్రం కింద బొటనవేలితో ఒకసారి తడిమి, వేలు ఎర్రబడిందో లేదో చూసుకుంటాను.